అలీనా టైసనా అని వాదించుకుని, బావ మా గడప తొక్కడం మానేశాడు

రాజోలు దగ్గరి ఒక ఊరి నుంచి 34 ఏళ్ల పాఠకుడు పేరు రాయకుండా ఉత్తరం పంపారు. పెద్ద ఉత్తరం, ఇక్కడ కుదించి చెబుతున్నాం.

ఆయనకి రొయ్యల మేత, మందులు అమ్మే షాపు ఉంది. అక్కని చించినాడ వంతెన అవతల, పాలకొల్లు వైపు ఇచ్చారు. బావకి ఐదెకరాల చెరువు. పెళ్లయిన దగ్గర్నుంచీ బావ వస్తే చాలు, సాయంత్రం ఇద్దరూ కాలవ గట్టు మీద టీ కొట్టు దగ్గర చేరతారు. ఇక మాటలన్నీ బాక్సింగే. బావ ముహమ్మద్ అలీ మనిషి, ఈయన మైక్ టైసన్ మనిషి. ఈ ఇద్దరినీ ఒకే రింగులో దింపితే ఎవరు గెలుస్తారన్నది ఏళ్ల తరబడి తెగని తగువు. "1981లో అలీని ఓడించిన బెర్బిక్‌ని టైసన్ రెండు రౌండ్లలో పడుకోబెట్టాడు, అలీ మీద గెలిచిన స్పింక్స్‌ని 91 సెకన్లలో పంపించాడు, ఇంకేం కావాలి" అని ఈయన వాదన. "ఆ స్పింక్స్ వేరు, ఈ స్పింక్స్ వేరు. అయినా డగ్లస్ చేతిలో పడినవాడు అలీ ముందు నిలుస్తాడా" అని బావ వాదన.

పోయిన దసరాకి అది పందెం దాకా వెళ్లింది. చెరో 20,000 టీ కొట్టాయన చేతిలో పెట్టారు. మేనల్లుడి ఫోనులో బాక్సింగు గేమ్ పెట్టి, ఎవరూ బటన్లు నొక్కకుండా కంప్యూటర్‌నే ఆడమన్నారు. మొదటిసారి మూడో రౌండులో టైసన్ నాకౌట్. ఒక్కసారి సరిపోదన్నారు బావ. రెండోసారి పాయింట్ల మీద అలీ. మూడోసారి మళ్లీ టైసన్. గేమ్ చేసినవాడికి అలీ అంటే తెలీదని బావ అడ్డం తిరిగారు. అప్పుడు పదిమంది ముందు ఈయన అన్నమాట: "చెరువు ముంచుకున్నట్టే పందెమూ ముంచుకున్నావు బావా." అంతకు ముందు పంటలో బావ చెరువుకి తెల్లమచ్చ అనే రొయ్యల వైరస్ తెగులు తగిలి నష్టం వచ్చింది. చుట్టుపక్కల చెరువులకీ అదే గతి పట్టింది. బావ మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆ 20,000 కరెంటు బిల్లుకి దాచిందని తర్వాత అక్క ఫోనులో చెప్పింది. ఏటా కనుమకి పిల్లల్ని తీసుకుని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే మనిషి ఈసారి రానంటున్నారు. అమ్మకి అదే దిగులు.

ఆయన అడుగుతున్నవి నాలుగు. నిజంగా ఎవరు గెలుస్తారు? గేమ్ ఫలితం చెల్లుతుందా? ఎవరికీ వద్దని, ఆ 40,000తో హైస్కూలు పిల్లలకి బాక్సింగు గ్లవ్స్ కొనిస్తే గొడవ తీరుతుందా? బావతో మాట ఎలా కలపాలి?

సమాధానం:

మీ ఉత్తరం మూడు పేజీలు. అందులో రెండున్నర పేజీలు బాక్సింగు. చెరువు మాట ఒక్క వాక్యం, అదీ బ్రాకెట్లో పెట్టారు. ఆ వాక్యం దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీరడిగిన వరసలోనే వెళ్దాం. మీ ఇద్దరి వాదనలోనూ ఒకటే లోపం ఉంది, అది తెలిస్తే తక్కినవి తేలిక.

మీరు అలీ అన్నప్పుడల్లా 1981 డిసెంబరు అలీని తెస్తున్నారు. నసావులో బెర్బిక్‌తో పది రౌండ్లు ఆడి పాయింట్ల మీద ఓడేనాటికి ఆయనకి నలభై నిండడానికి నెల తక్కువ. అంతకు ముందటి ఏడు హోమ్స్ చేతిలో దెబ్బలు తినలేక పదో రౌండు తర్వాత కార్నర్‌లోనే ఆగిపోయిన మనిషి. మీ బావ టైసన్ అన్నప్పుడల్లా 1990 ఫిబ్రవరి టైసన్‌ని తెస్తున్నారు. తనను తీర్చిదిద్దిన కస్ డమాటో 1985లో పోయి, ట్రైనర్ కెవిన్ రూనీని 1988 చివర్లో వదులుకున్నాక, టోక్యోలో డగ్లస్ ముందు తల కదపకుండా నిలబడ్డ టైసన్ అతను. ఎవరికి వారు తమవాడి మంచి రోజునీ ఎదుటివాడి చెడ్డ రోజునీ ఏరుకుంటున్నారు. ఆ పద్ధతిలో ఇంకో పన్నెండేళ్లు కూర్చున్నా తెగదు.

"ఫలానావాణ్ణి వీడు కొట్టాడు, వాణ్ణి ఇంకోడు కొట్టాడు" అనే గొలుసు లెక్క బాక్సింగులో పనిచేయదు. 1971 మార్చి 8న ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973 జనవరిలో ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అలీ దవడ విరగ్గొట్టి గెలిచిన నార్టన్‌నీ ఫోర్‌మన్ రెండు రౌండ్లలోనే ముగించాడు. మీ లెక్కన 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ గతి ఏం కావాలి? ఎనిమిదో రౌండులో పడింది ఫోర్‌మన్. మన దగ్గర కుక్కుట శాస్త్రం పట్టుకుని ఈ రోజు డేగది, రేపు కాకిది, ఎల్లుండి నెమలిది అని చెప్పేవాళ్లున్నారు. ఆ లెక్క నిజమో కాదో పక్కన పెట్టండి. ఏ రంగూ అన్ని రోజులూ గెలవదన్న ఇంగితం మాత్రం అందులో ఉంది.

కాబట్టి ఏ ఏడాది అలీ, ఏ ఏడాది టైసన్ అన్నది ముందు కట్టుకోవాలి. అలీకి 1966 నవంబరు, హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండులో ఆపిన రాత్రి. ఆరోజు బరువు దాదాపు 96 కిలోలు. టైసన్‌కి 1988 జూన్, ఆ 91 సెకన్ల రాత్రి. బరువు 99 కిలోలు. బరువులో పెద్ద తేడా లేదు. తేడా అంతా కొలతల్లో ఉంది. అలీ 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. చేతుల చాపు అలీది 78 అంగుళాలు, టైసన్‌ది 71. అంటే అలీ జాబ్ (ముందు చేత్తో తిన్నగా విసిరే గుద్దు) తగిలే దూరంలో టైసన్ గుద్దు గాల్లోనే పోతుంది. టైసన్ గెలవాలంటే ఆ ఏడంగుళాలూ ప్రతి రౌండులో మళ్లీ మళ్లీ దాటాలి.

దాటే విద్య అతనికి ఉంది. రెండు గ్లవ్స్ చెంపలకి ఆనించి, తలని ఇటూ అటూ ఊపుతూ జాబ్‌ని భుజం మీదుగా జారనిచ్చి, ఒక్క అడుగులో లోపలికి వస్తాడు. ముందు పక్కటెముకల మీద కుడి, వెంటనే అదే చేత్తో అప్పర్‌కట్ (కిందనుంచి గడ్డానికి వచ్చే గుద్దు), లేదా ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే గుద్దు). అలీ బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. ఆయన చేతులు కిందికి వేలాడేసి, దెబ్బ వచ్చినప్పుడు తలని పక్కకి కాకుండా తిన్నగా వెనక్కి లాగుతాడు. ఎడమ హుక్‌కి అది పిలుపు. 1963లో హెన్రీ కూపర్ నాలుగో రౌండు చివర్లో పడేసింది ఎడమ హుక్‌తోనే. 1971లో ఫ్రేజియర్ పదిహేనో రౌండులో పడేసింది కూడా దానితోనే. ఇది మీ బావ ఒప్పుకోవాల్సిన సంగతి.

మీరు ఒప్పుకోవాల్సింది ఇంకోటుంది. టైసన్ లోపలికి వచ్చాక ఎదుటివాడు మెడ మీద చెయ్యేసి పట్టేసుకుంటే ఏం చేయాలో అతనికి సరిగా తోచదు. 1987 మార్చిలో జేమ్స్ స్మిత్ పన్నెండు రౌండ్లూ పట్టుకునే గడిపాడు. టైసన్ గెలిచాడుగానీ పడగొట్టలేకపోయాడు. ఆగస్టులో 6 అడుగుల 5 అంగుళాల టక్కర్ కూడా పన్నెండూ నిలబడ్డాడు. మెడ పట్టి బరువు మోపడంలో అలీ వాళ్లిద్దరికీ గురువు. మరి ఎత్తున్నవాళ్లంటే టైసన్‌కి భయమా అంటే అదీ కాదు. అదే ఏడు అక్టోబరులో 6 అడుగుల 5 ఉన్న టిరెల్ బిగ్స్‌ని ఏడో రౌండులో ఆపాడు. ఈ మాట మీకు ఆయుధంగా ఇస్తున్నాను, ఉత్తరంలో మీరు వాడుకోలేదు.

ఏడాది కట్టుకున్నాక షరతులు. మీ పందెంలో ఇవేవీ లేవు. ఎన్ని రౌండ్లు? 1982 నవంబరులో డుక్ కూ కిమ్ రింగులో తగిలిన దెబ్బలకి చనిపోయాకే టైటిల్ పోటీలు పదిహేను నుంచి పన్నెండుకి తగ్గడం మొదలైంది. అలీ పదిహేను రౌండ్ల కాలపు మనిషి. టైసన్ పన్నెండు దాటి ఎన్నడూ ఆడలేదు. రింగు ఎంత? తాళ్ల మధ్య 16 అడుగులైతే 256 చదరపు అడుగులు, 20 అడుగులైతే 400. ఆ 144 అడుగులూ అలీ కాళ్లకి ప్రాణం. రిఫరీ ఎలాంటివాడు? పట్టుకోగానే విడదీసేవాడా, చూసీచూడనట్టు పోయేవాడా? ఈ మూడింటికీ జవాబు లేకుండా ఎవరు గెలుస్తారు అంటే, తూకం చూడకుండా జోడీ కట్టినట్టే.

నా అంచనా అడిగారు కాబట్టి చెబుతాను. 1966 అలీ, 1988 టైసన్, 20 అడుగుల రింగు, పదిహేను రౌండ్లు: మొదటి నాలుగు రౌండ్లూ ఊపిరి బిగబట్టి చూడాలి, ఆరు దాటితే అలీ. అదే 16 అడుగుల రింగు, పన్నెండు రౌండ్లు, కఠినమైన రిఫరీ అయితే నేను రూపాయి కూడా పెట్టను. ఇక మీ బావకి ప్రాణమైన కిన్షాసా అలీని తెస్తే నేను మీ వైపే. ఫోర్‌మన్ గుద్దులు వెడల్పుగా, దూరం నుంచి వచ్చేవి. తాళ్లకి ఆనుకుని మోచేతులతో కాచుకోవడానికి వీలైంది. టైసన్‌వి పొట్టి గుద్దులు, కిందనుంచి వస్తాయి. ఆ ముందు తాళ్లకి ఆనుకోవడం ఆత్మహత్యే. అంటే ఏ అలీ అన్నదాన్ని బట్టి మీరిద్దరూ ఒప్పే.

ఇది అంచనా. తీర్పు అనుకోకండి. కళ్ల ముందు జరిగిన 1971 పోటీనే తీసుకోండి. అందులో ఫ్రేజియర్‌కి రిఫరీ ఇచ్చింది 8 రౌండ్లు, అలీకి 6, ఒకటి సమం. ఒక జడ్జి 9కి 6 ఇచ్చాడు. ఇంకో జడ్జి 11కి 4. రింగు పక్కనే కూర్చున్నవాళ్లకే అంత తేడా వచ్చింది.

రెండో ప్రశ్న, గేమ్. అందులో ప్రతి బాక్సరుకీ వేగం ఇంత, బలం ఇంత, దవడ ఇంత అని ఎవరో కూర్చుని మార్కులు వేస్తారు. కంప్యూటర్ ఆ మార్కులకి కాస్త అదృష్టం కలిపి ఆడిస్తుంది. మీరు చూసింది మార్కులు వేసినవాడి అభిప్రాయం. పైగా మూడుసార్లే ఆడించారు. బొమ్మా బొరుసా మూడుసార్లు ఎగరేసినా, సగం సందర్భాల్లో రెండో మూడో మీకే పడతాయి. వందసార్లు ఆడిస్తే అదృష్టం పాలు తగ్గుతుంది, మార్కుల పాలు అలాగే ఉంటుంది.

ఈ తగువు మీతో మొదలైంది కాదు. 1967లో రేడియో కోసం కంప్యూటర్‌తో పాత, కొత్త ఛాంపియన్లకి పోటీలు పెట్టారు. అందులో ఎప్పుడో 1905లో టైటిల్ వదిలేసిన జెఫ్రీస్ చేతిలో అలీ ఓడినట్టు చెప్పేసరికి అలీ కోర్టుకెక్కాడు. ఆ తర్వాత, 1969లో 45 ఏళ్ల రాకీ మార్సియానో, 27 ఏళ్ల అలీ నిజంగానే కెమెరా ముందు తలపడ్డారు. ముగింపులు రకరకాలుగా తీసి, కంప్యూటర్ చెప్పిందన్న పేరుతో 1970లో చూపించారు. అమెరికాలో పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. ఐరోపాకి పంపిన దాంట్లో అలీ గెలిచాడు. టిక్కెట్టు ఎక్కడ అమ్ముతున్నారో చూసి ఫలితం చెప్పిన కంప్యూటర్ అది. అందుకే గేమ్ చేసినవాడికి ఏం తెలుసన్న మీ బావ మాటలో పస ఉంది. కాకపోతే ఆ మాట మొదటి ఆటకి ముందు అనాలి. ఓడాక "ఒక్కసారి సరిపోదు" అన్నది ఆయన తప్పు.

డబ్బు. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచానని దావా వేయడానికి లేదు, ఫలితం తేలేదాకా మధ్యవర్తి దగ్గర పెట్టిన సొమ్ము కోసం కూడా వేయడానికి లేదు. అంటే ఇప్పుడు ఆ 40,000 టీ కొట్టాయన మంచితనం మీద ఉంది. ఆలస్యం చేసేకొద్దీ ఆయనకీ ఇబ్బందే.

గెలిచానని మొత్తం తీసుకుంటే డబ్బు వస్తుంది, అక్క ఇంట్లో కరెంటు బిల్లు ఆగుతుంది, ఆ సంగతి మీకు తెలిసీ తీసుకున్నారన్నది మిగులుతుంది. గ్లవ్స్ ఆలోచన వినడానికి బాగుంది. కానీ అందులో సగం బావ డబ్బు. నష్టంలో ఉన్న మనిషి 20,000తో దానం చేయించి, వద్దంటే పిసినారి అనిపించే ఇరకాటంలో ఆయన్ని పెట్టకండి. చేయాలనుంటే తర్వాత మీ వాటాతో చేయండి, ఆ రోజు హడావిడి లేకుండా. మిగిలింది ఎవరిది వారికి వెనక్కి ఇవ్వడం. ఇందులోనూ ఒక చిక్కుంది. "తీసుకో బావా, ఉంచుకో" అంటే జాలి పడ్డట్టవుతుంది, ఆయన ముట్టుకోరు. "షరతులు రాసుకోలేదు, ఏ ఏడాది అలీయో కూడా అనుకోలేదు, పందెం రద్దు" అనండి. అది నిజం కూడా. మీ 20,000 మీరు ముందు తీసుకోకండి, ఇద్దరూ ఒకే రోజు తీసుకోవాలి. షాపు ఖాతాలో ఆయన పేరున జమ చేసేస్తే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. ఆ పుస్తకం గుమాస్తా చూస్తాడు, రేపు ఇంకొకరు చూస్తారు.

ఇక ఆ బ్రాకెట్లోని వాక్యం.

మీరు దాన్ని బావామరుదుల వెటకారం అనుకుంటున్నారు. వెటకారం మన వైపు తిండిలాంటిది, దానికి ఎవరూ గడప తొక్కడం మానేయరు. కానీ మీరు మేత అమ్మే మనిషి. ఫలానా రైతు చెరువు ముంచుకున్నాడని మేత షాపాయన పదిమంది రైతుల ముందు అంటే అది పరపతి మీద దెబ్బ. సీడు, అంటే రొయ్య పిల్లలు ఇచ్చేవాడు, అప్పిచ్చేవాడు ఆ మాట వింటారు. చించినాడ వంతెన దాటడానికి మాటకి బస్సు అక్కర్లేదు. పైగా అది అబద్ధం. తెల్లమచ్చ వైరస్ సీడుతో రావచ్చు, పీతలతో రావచ్చు, పక్క చెరువు వదిలిన నీళ్లతో రావచ్చు. ఈ సంగతి ఆ టీ కొట్టు దగ్గర అందరికంటే బాగా తెలిసినవారు మీరే. అందుకే ఆయనకి అంత తగిలింది.

కాబట్టి క్షమాపణ రెండు చోట్ల కావాలి. అక్క చేత చెప్పించడం తేలికే, కానీ అప్పుడు ఆవిడ మొగుడికీ తమ్ముడికీ మధ్య తపాలా మనిషి అవుతుంది. మీ గొంతులో రావాల్సింది ఆవిడ గొంతులో వస్తుంది. అమ్మ చేత కనుమకి పిలిపిస్తే అత్తగారి మాట కాదనలేక రావచ్చు. వచ్చి, ముభావంగా తిని వెళ్తారు. వాట్సాప్‌లో రాస్తే పదం అటూ ఇటూ అయితే అది ఫోనులో అలాగే ఉండిపోతుంది. వెళ్లి కలవడమే మేలు, వేళ చూసుకోండి. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గే వేళ ఆయన కళ్లు నీళ్లకి గాలి ఎక్కించే ఏరేటర్ల మీద ఉంటాయి, అప్పుడు వద్దు. పొద్దుటి మేత వేశాక, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్‌ట్రే ఎత్తే లోపు గట్టు మీద కాస్త ఖాళీ దొరుకుతుంది. అప్పుడు "బావా, చెరువు గురించి అలా అనకూడదు, అన్నాను, తప్పు నాది" అనండి. దాని వెనక "కానీ నువ్వు కూడా" అని తగిలించకండి. డబ్బు మాట ఆరోజు ఎత్తితే క్షమాపణ బేరంలా కనిపిస్తుంది, రెండ్రోజులు ఆగండి.

రెండోది టీ కొట్టు దగ్గర, ఆయన లేనప్పుడు, అదే మనుషుల ముందు. "మా బావ చెరువు గురించి ఆరోజు నేనన్నది తప్పు. ఆ పంటలో తెల్లమచ్చ చుట్టూ అన్ని చెరువులకీ వచ్చింది." అంతే, ఉపన్యాసం వద్దు. ఇది చేసినట్టు మీరు బావకి చెప్పుకోవాల్సిన పని కూడా లేదు, దానంతట అదే వంతెన దాటుతుంది.

ఇంత చేసినా ఈ కనుమకి రాకపోవచ్చు. అక్కనీ పిల్లల్నీ రానివ్వండి, ఆయన ఎందుకు రాలేదని పిల్లల్ని అడగకండి.

మళ్లీ బాక్సింగు మాట వస్తే, రావాలనే కోరుకుంటున్నాను, టీ కొట్టు దగ్గర కాదు, ఇంట్లో టీవీ ముందు కూర్చోండి. ఎగదోసేవాళ్లు ఉండరు. కామెంటరీ వింటే అభిప్రాయం అటే లాగుతుంది, అందుకని సౌండు తీసేయండి. చెరో కాగితం తీసుకుని ప్రతి రౌండుకీ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, ఓడినవాడు కింద పడితే 8 వేసుకుని చివరిదాకా చూపించుకోకండి. ఎవరికి వారు తమవాడు ఇబ్బంది పడ్డ రాత్రే ఎంచుకోవాలి. బావ 1971 ఫ్రేజియర్ పోటీ పెట్టాలి, మీరు 1990 డగ్లస్ పోటీ పెట్టాలి. పదో రౌండులో టైసన్ కింద పడి నోటి గార్డు కోసం తడుముకోవడం మీరు కళ్లప్పగించి చూడాలి. ఎనిమిదో రౌండులో డగ్లస్ కూడా పడి లేచాడని బావకి గుర్తు చేసే హక్కు మీకుంటుంది.

ఒక చిన్న సవరణ. 1978లో అలీని ఓడించింది లియాన్ స్పింక్స్. 1988లో టైసన్ 91 సెకన్లలో ముగించింది మైకేల్ స్పింక్స్‌ని, లియాన్ తమ్ముణ్ణి. ఆ స్పింక్స్ వేరు, ఈ స్పింక్స్ వేరు అని మీ బావ చెప్పింది అక్షరాలా నిజం. గట్టు మీదికి వెళ్లినప్పుడు క్షమాపణ అయ్యాక మాట దొరక్కపోతే, ముందు ఇది ఒప్పుకోండి.